అంచు మీద నొక్కు: ఒక లీవర్ రైఫిల్ కథ, దాని ఆలనాపాలనా

ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ రోజు చాలామందికి గుర్తుండే ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి, చేతికి పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చి, అయిదు తూటాలు లెక్కపెట్టి ఇస్తారు. కాల్చాక అయిదు ఖాళీ తొడుగులూ లెక్కపెట్టి తిరిగి అప్పజెప్పాలి. మా బ్యాచ్‌లో ఒకటి తగ్గింది. గడ్డి పరకలు లేపి మరీ వెతికించారు. మధ్యాహ్నం భోజనం రెండున్నరకి తిన్నాం. చివరికది నా బూటు కిందే దొరికింది. అప్పజెప్పే ముందు దాన్ని తిప్పి చూశాను. మామూలుగా తూటా తొడుగు అడుగున నట్టనడుమ ఒక గుంట ఉంటుంది, అక్కడే పిన్ను కొడుతుంది. దీనికి నడుమ ఏమీ లేదు, నున్నగా ఉంది. అంచు మీద ఒక పక్కన మాత్రం, చిన్న ఉలి ఆనించినట్టు, ఒక నొక్కు.

ఇదేంటి, తుపాకి గురి తప్పి తూటానే పక్కకి కొట్టిందా అనుకున్నాను. తప్పలేదు. దాన్ని అక్కడే కొట్టాలి. ఆ రకం తూటాని రిమ్‌ఫైర్ అంటారు. రిమ్ అంటే అంచు. పేలుడు మొదలుపెట్టే మసాలా తొడుగు అడుగు నడుమ కాకుండా, అంచు మడతలో చుట్టూతా ఉంటుంది. పిన్ను ఆ మడతని నలిపితే మసాలా అంటుకుంటుంది, దాన్నుంచి మందు అంటుకుంటుంది, గుండు బయటికి పోతుంది.

అగ్గిపెట్టె తయారీ అంత తేలిగ్గా అనిపించే ఈ ఏర్పాటు తుపాకుల చరిత్రలో ఎన్ని మలుపులకి కారణమైందో తెలుసుకోవాలంటే అమెరికాలో మార్లిన్ కంపెనీ చేసిన 39ఎ అనే లీవర్ రైఫిల్ మంచి ఉదాహరణ. 1891 నాటి డిజైనుని కొద్ది కొద్దిగా మార్చుకుంటూ నూరేళ్లకి పైగా చేశారు దాన్ని. దాని కథలో అర్థం కానిది ఏదైనా ఎదురైతే తూటా అంచు వైపు చూడండి. జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది. దాన్ని శుభ్రం చేయడంలో పాటించే పద్ధతులు కూడా అక్కడినుంచే వచ్చాయి.

పలచటి రేకు తెచ్చిన గొడవ

రిమ్‌ఫైర్ మొదట పుట్టింది ప్యారిస్‌లో. లూయీ ఫ్లోబేర్ అనే తుపాకుల తయారీదారు 1845 ప్రాంతంలో, ఇంటి హాల్లో గురి చూసి ఆడుకోవడానికి పనికొచ్చే చిన్న తూటా చేశాడు. అందులో విడిగా మందు కూడా లేదు, మసాలా ఒక్కటే గుండుని నెట్టేది. అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ దాన్ని కాస్త పొడుగు చేసి, మందు నింపి, 1857లో తమ మొదటి రివాల్వర్‌కి వాడింది. అదే .22 షార్ట్ (.22 అంటే గుండు మందం, అంగుళాల్లో). ఇప్పటికీ తయారవుతోంది.

అప్పటిదాకా తుపాకి నింపడమంటే పెద్ద తతంగం. మందు పోయాలి, గుండు దిగ్గొట్టాలి, మసాలా ఉన్న చిన్న టోపీ పెట్టాలి. ఇప్పుడు అన్నీ ఒకే లోహపు గొట్టంలో వచ్చేశాయి. తూటా ఒక్క ముక్కగా మారాక, దాన్ని చేత్తో పెట్టే పని యంత్రానికి అప్పగించొచ్చని కొందరికి తట్టింది. ఆ కొందరిలో బెంజమిన్ టైలర్ హెన్రీ ఒకడు. కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్‌లో ఆలివర్ వించెస్టర్ కంపెనీలో పనిచేస్తూ 1860లో పేటెంట్ తీసుకున్నాడు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కట్టునే లీవర్‌గా మార్చాడు. దాన్ని కిందికి తోస్తే ఖాళీ తొడుగు ఎగిరిపోతుంది, పైకి లాగితే కొత్త తూటా లోపలికి పోతుంది. బ్యారెల్ కింద పొడవాటి గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి, స్ప్రింగ్ ఒత్తిడి మీద వరసగా నిలబడి ఉంటాయి. పదహారు పట్టేవి. ఎదుటివాడు ఒక్క తూటా నింపుకునే లోపు ఇవతల నాలుగైదు పేలేవి. ఆదివారం నింపి వారమంతా కాల్చుకునే తుపాకి అని అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో దానికి పేరొచ్చిందని చెబుతారు.

గొట్టంలో తూటాలు వరసగా ఉన్నాయంటే, ఒకదాని గుండు కొన ముందున్న తూటా అడుగుకి ఆనుకుని ఉంటుంది. నడుమ పేలే తూటాలైతే, అంటే సెంటర్‌ఫైర్ అయితే, కొన సరిగ్గా ఆ పేలే చోటునే తాకుతుంది. కొన మొనదేలి ఉండి, తుపాకి కిందపడితే ప్రమాదం. అందుకే సెంటర్‌ఫైర్ లీవర్ రైఫిళ్లలో చాలాకాలం మొద్దు కొనల గుండ్లే వాడారు. రిమ్‌ఫైర్‌కి ఈ బెంగ తక్కువ. మసాలా అంచులో ఉంది, కొన తాకేది నడుమ, పైగా గుండు మెత్తటి సీసం. గొట్టం మ్యాగజీన్, రిమ్‌ఫైర్ తూటా ఒకదానికొకటి చేసి పెట్టినట్టు కుదిరాయి.

మరి ఇంత బాగుంటే రిమ్‌ఫైర్ పెద్ద తుపాకుల్లో ఎందుకు నిలవలేదు? కారణం మళ్లీ అంచే. పిన్ను కొడితే నలగాలి కాబట్టి రేకు పలచగా ఉండాలి. పలచగా ఉంటే ఎక్కువ మందు నింపలేం, ఒత్తిడికి చీలిపోతుంది. హెన్రీ తూటాలో మందు 28 గ్రెయిన్లు (మందు తూచే చిన్న కొలత) దాటలేదు. వించెస్టర్ 1873లో సెంటర్‌ఫైర్‌కి మారగానే అదే .44 సైజు గుండు వెనక 40 గ్రెయిన్లు పట్టించగలిగింది. ఆ తరవాత పెద్ద సైజు రిమ్‌ఫైర్లు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. చిన్న .22 మాత్రం బతికింది. దానికి పెద్ద బలం అక్కర్లేదు, చవకగా ఉంటే చాలు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అంచు మడతలో మసాలా చుట్టూ సమానంగా పరుచుకోకపోవచ్చు. పిన్ను తాకిన చోటే ఖాళీ ఉంటే తూటా పేలదు. హెన్రీ దీనికి ఒక ఉపాయం చేశాడు. పిన్నుకి రెండు కొనలు పెట్టాడు, అంచుని రెండు వైపులా ఒకేసారి కొట్టేట్టు. ఈ చిన్న జాగ్రత్త నూరేళ్ల తరవాత ఇంకెవరికో పనికొచ్చింది.

1876 జూన్‌లో మోంటానాలోని లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర అమెరికా సైన్యాధికారి కస్టర్ దళాన్ని లకోటా, షెయెన్ అనే ఆదివాసీ తెగల యోధులు తుడిచిపెట్టారు. సైనికుల దగ్గర ఒక్కో తూటా నింపుకుని కాల్చే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు, అంటే పొట్టి రైఫిళ్లు. యోధుల్లో కొందరి దగ్గర హెన్రీలు, దాని తరవాత వచ్చిన 1866 వించెస్టర్లు. ఈ తుపాకుల తేడా మీద చరిత్రకారులు చాలాకాలం వాదించుకున్నారు. 1983లో కార్చిచ్చు ఆ నేల మీది గడ్డినంతా కాల్చేసింది. మరుసటి ఏడాది పురావస్తు బృందాలు మెటల్ డిటెక్టర్లతో దిగి, మట్టిలోంచి తూటా తొడుగుల్ని ఏరాయి. ఒక్కో పిన్ను వదిలే గుర్తు ఒక్కోలా ఉంటుంది కదా, పోలీసులు హత్య కేసుల్లో చూసినట్టే ఇక్కడా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. అంచు మీద జంట నొక్కులున్న తొడుగులు బయటపడ్డాయి. ఒకే తుపాకి గుర్తులు వేర్వేరు చోట్ల దొరికితే, ఆ తుపాకి పట్టుకున్న మనిషి ఎటునుంచి ఎటు కదిలాడో కూడా గీయగలిగారు. ఆ యోధుడి పేరు ఎవరికీ తెలియదు. అతను నడిచిన దారి మాత్రం ఆ రేకు మీద మిగిలింది.

పొడుగు పొట్టి పేచీ

ఇక మార్లిన్ సంగతి. జాన్ మార్లిన్ కనెక్టికట్ వాడే. 1870లో న్యూ హేవెన్‌లో సొంతంగా పిస్తోళ్లు చేయడం మొదలుపెట్టాడు. ఊళ్లోనే వించెస్టర్ లాంటి పెద్ద చేప ఉండగా చిన్న దుకాణం తెరవడం ధైర్యమే.

అప్పటికి .22లో మూడు రకాల తూటాలు వచ్చాయి: షార్ట్, 1871లో లాంగ్, 1887లో లాంగ్ రైఫిల్. మూడింటి మందమూ ఒకటే, పొడుగు వేరు. షార్ట్ మొత్తం 17 మిల్లీమీటర్లు, లాంగ్ రైఫిల్ 25. వించెస్టర్ తన 1873 రైఫిల్‌ని .22లో కూడా చేసింది. కానీ తుపాకి బరువు, తూటా చిన్న, ఏనుగుకి మేకపిల్ల గంట కట్టినట్టుంది. పెద్దగా అమ్ముడుపోలేదు. తరవాత 1890లో బ్రౌనింగ్ సోదరుల పంప్ రైఫిల్ (ముందు చెక్కని వెనక్కీ ముందుకీ లాగి కాల్చేది) తెచ్చి సొమ్ము చేసుకుంది. అది కూడా ఒక్కో తుపాకికి ఒక్కో రకం తూటానే తినేది. షార్ట్‌కి చేసిన దాంట్లో లాంగ్ పెడితే పనిచేయదు.

ఎందుకు పనిచేయదో కాస్త ఆగి చూద్దాం, మార్లిన్ గొప్పతనం ఇక్కడే ఉంది. గొట్టంలోంచి వచ్చిన తూటాని పైకి ఎత్తడానికి చిన్న మెట్టు లాంటి భాగం ఉంటుంది. దాన్ని క్యారియర్ అంటారు. క్యారియర్ పొడుగు తూటాకి సరిపోయేట్టు చేస్తే, పొట్టి తూటా వచ్చినప్పుడు దాని ముందు మిగిలిన ఖాళీలోకి రెండోది అడుగు దూరుస్తుంది. మెట్టు పైకి లేవదు, ఇరుక్కుంటుంది. పొట్టిదానికి చేస్తే పొడుగుది పూర్తిగా ఎక్కదు. మార్లిన్ దగ్గర పనిచేసిన ల్యూయిస్ హెప్‌బర్న్ డిజైనులో క్యారియర్ పైకి లేస్తూనే రెండో తూటాని అడుగు మీద మెల్లగా తోసి, తిరిగి గొట్టంలోకే నెట్టేస్తుంది. తూటా ఎంత పొడుగున్నా అడుగు ఒకేచోట ఆగుతుంది. ఇంటి ముందు లైన్లో నెట్టుకొచ్చేవాళ్లని తలుపు మూస్తూ వెనక్కి జరిపినట్టు. 1891లో వచ్చిన ఆ మోడల్ షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ మూడింటినీ కలిపి పోసినా తినేది. లీవర్ రైఫిళ్లలో అలా చేసిన మొదటిది అదే. మూడు రకాల ధరలూ మూడు రకాలుగా ఉండే రోజుల్లో, ఊళ్లో కొట్టువాడి దగ్గర ఏది ఉంటే అది కొనుక్కుని కాల్చుకోవచ్చంటే రైతుకి అంతకన్నా ఏం కావాలి?

అదే మోడల్ .32 సైజులో కూడా వచ్చింది. దాంట్లో పిన్ను మారిస్తే చాలు, రిమ్‌ఫైర్, సెంటర్‌ఫైర్ రెండూ కాల్చొచ్చు. ఎటు గాలి వీస్తుందో తెలియని రోజుల్లో రెండు పడవల మీదా కాలు పెట్టడం.

1897 మోడల్‌తో తుపాకి రెండు ముక్కలుగా విడిపోయే ఏర్పాటు వచ్చింది. పక్కన ఒక పెద్ద స్క్రూ తిప్పితే మడమ (భుజానికి ఆనించే చెక్క) వైపు సగం, బ్యారెల్ వైపు సగం విడివిడిగా చేతికొస్తాయి. సంచిలో పెట్టుకుని సైకిల్ మీద వెళ్లొచ్చని అప్పట్లో ఆకర్షణ. అసలు లాభం శుభ్రం చేసేటప్పుడు తెలుస్తుంది, దాని దగ్గరికి వస్తాను. సర్కస్ లాంటి ప్రదర్శనల్లో గురి చూపించి పేరు తెచ్చుకున్న యానీ ఓక్లీ చేతిలో కూడా మార్లిన్ .22లు ఉండేవి.

మొదటి ప్రపంచ యుద్ధంలో కంపెనీ చేతులు మారి మెషిన్‌గన్ల తయారీలోకి వెళ్లిపోయింది, .22 ఆగిపోయింది. యుద్ధం ముగిశాక ఆర్డర్లు లేవు. 1920ల మొదట్లో అదే డిజైనుని మోడల్ 39 పేరుతో మళ్లీ తెచ్చారు, కానీ కంపెనీ నిలదొక్కుకోలేదు. 1924లో వేలానికి వచ్చింది. ఫ్రాంక్ కెన్నా అనే లాయరు 100 డాలర్లకి పాట పాడి గెలిచాడని, దాంతోపాటు లక్ష డాలర్ల తనఖా అప్పు నెత్తికెత్తుకున్నాడని చెబుతారు. వేలానికి వేరే పాటగాడే రాలేదట. ఆయన కుటుంబం చేతిలో కంపెనీ 2007 చివరిదాకా నడిచింది. మధ్యలో గడ్డం గీసుకునే బ్లేడ్లు కూడా అమ్మారు. ఇనుముని నున్నగా చేయడం వచ్చినవాళ్లు ఏది చేస్తే ఏముంది.

1939లో మోడల్ 39కి బరువైన గుండ్రటి బ్యారెల్, నిండైన ముందు చెక్క పెట్టి 39ఎ అన్నారు. 24 అంగుళాల బ్యారెల్, మొత్తం 40 అంగుళాలు, బరువు 3 కిలోలకి కాస్త తక్కువ. గొట్టంలో షార్ట్ అయితే 26, లాంగ్ 21, లాంగ్ రైఫిల్ 19 పడతాయి. 1950ల మొదట్లో బ్యారెల్ లోపలి గాడుల్ని మార్చారు. లోతైన ఆరు గాడులకి బదులు, సన్నటి పదహారు. గుండుని తిప్పే పని అవే చేస్తాయి, కానీ మెత్తటి సీసాన్ని అంతగా చెక్కెయ్యవు. పాతవాళ్లు కొందరు లోతు గాడులే మేలంటారు, ఆ తగువు ఇంకా తెగలేదు. 1988లో పక్కన బటన్ లాంటి సేఫ్టీ చేర్చారు. అంతకుముందు సేఫ్టీ అంటే, పిన్నుని కొట్టే సుత్తిని సగం దాకా లాగి నిలపడమే. నన్నడిగితే కొత్త బటన్ అందాన్ని చెడగొట్టింది, కానీ చలికి కొంకర్లు పోయిన బొటనవేలితో సుత్తిని మెల్లగా దించే పని ఎవరికైనా టెన్షనే.

2007 డిసెంబరులో రెమింగ్టన్ మార్లిన్‌ని కొనేసింది. 2011కల్లా కనెక్టికట్ ఫ్యాక్టరీ మూతపడింది, యంత్రాలు న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌కి వెళ్లాయి. మనుషులు వెళ్లలేదు. అరిగిపోయిన యంత్రంతో సరైన భాగం ఎలా తీయాలో, ఏ అంచుని ఆకురాయితో ఎన్నిసార్లు రుద్దాలో చేతులకి తెలిసినవాళ్లు వాళ్లే. కాగితం మీద గీతలు మాత్రమే బండెక్కాయి. ఆ తరవాత వచ్చిన తుపాకుల్ని వెక్కిరిస్తూ రెమ్లిన్ అనడం మొదలైంది. రెమింగ్టన్ చేతిలో 39ఎ పాత జోరుతో మళ్లీ రాలేదు. 2020లో రెమింగ్టన్ దివాలా తీస్తే, సుమారు 3 కోట్ల డాలర్లకి రూగర్ మార్లిన్ పేరునీ సామాన్లనీ కొనుక్కుని, మొదట పెద్ద సైజు లీవర్ రైఫిళ్ల తయారీ మొదలుపెట్టింది. ఈలోగా 1996లో బ్రూక్లిన్‌లో మొదలైన వేరే కంపెనీ, పాత హెన్రీ పేరు పెట్టుకుని, జింక్ మిశ్రమంతో చవకైన .22 లీవర్లు చేసి ఆ ఖాళీని నింపేసింది. ఆ పాత హెన్రీతో దానికి పేరు తప్ప చుట్టరికం లేదు.

బావ వంటగదిలో

ఓహియోలో ఉండే మా బావ, పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తుంటే, 1960ల నాటి 39ఎ కొన్నాడు. మా అక్కకి ఇష్టం లేదు. లీవర్ గానుగలా బిగుసుకుపోయి, పది తూటాల్లో రెండు పేలడం లేదు. దగ్గర్లోని రిపేరు షాపువాడు స్ప్రింగులన్నీ మార్చాలని నాలుగు వందల డాలర్లు చెప్పాడు. నేను వెళ్లినప్పుడు వంటగది బల్ల మీద పాత తువ్వాలు పరిచి, “ముందు మనమే విప్పి చూద్దాం బావా, పోయేదేముంది” అన్నాడు.

విప్పడానికి ముందు చేయాల్సింది ఒకటుంది, ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. గొట్టం మ్యాగజీన్ తుపాకి ఖాళీ అనిపించినా ఖాళీ కాకపోవచ్చు. లోపలి ఇత్తడి గొట్టాన్ని లాగి తూటాలు ఒంపేసినా, ఒకటి క్యారియర్ మీద, ఇంకొకటి ఛాంబర్‌లో, అంటే తూటా పేలే అరలో, ఉండిపోవచ్చు. గొట్టం తీసేశాక లీవర్‌ని నాలుగైదుసార్లు పూర్తిగా ఆడించి, కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు.

స్క్రూ బిగుసుకుంది. దాని తల మీద నాణెం పట్టే గాడి ఉంది, బావ పర్సులోంచి క్వార్టర్ బిళ్ళ (పావు డాలరు) తీసి తిప్పాడు. తుపాకి రెండు సగాలైంది. తూటా వెనక మూతలా నిలిచే బోల్ట్ జారి అరచేతిలో పడింది. వేరే పనిముట్టు అక్కర్లేదు. లోపల చూస్తే బూడిద రంగు ముద్ద, పాత గ్రీజులా, క్యారియర్ చుట్టూ గట్టిపడి ఉంది.

ఆ ముద్ద ఎక్కడిదో చెబితే ఈ తుపాకి పోషణలో సగం చెప్పినట్టే. పెద్ద తూటాల్లో గుండుకి రాగి పూత ఉంటుంది, తొడుగులోకి దూరి ఉంటుంది. .22 లాంగ్ రైఫిల్ ఇంకా 1800ల నాటి పద్ధతిలోనే ఉంది. గుండు, తొడుగు ఒకే మందం. గుండు మడమ మాత్రమే సన్నబడి తొడుగులోకి వెళ్తుంది, మిగతాదంతా బయటే. ఉత్త సీసం బ్యారెల్‌కి అంటుకోకుండా పైన మైనం పూస్తారు. ఆ మైనం చేతికి, గొట్టానికి, క్యారియర్‌కి అంటుతుంది. దాని మీద కాలిన మందు మసి, సీసం పొడి పేరుకుంటాయి. ఎవరో మంచి ఉద్దేశంతోనే ప్రతిసారీ నూనె పోస్తే అన్నీ కలిసి హల్వా అయిపోతాయి. చలికాలంలో అది గట్టిపడి సుత్తి వేగాన్ని తగ్గిస్తుంది. సుత్తి నెమ్మదిస్తే అంచు సరిగ్గా నలగదు. బావ తుపాకిలో పేలని రెండు తూటాల రహస్యం స్ప్రింగుల్లో లేదు.

బ్రష్‌తో, సాల్వెంట్‌తో గంటన్నర కూర్చున్నాం. బోల్ట్ ముందు ఖాళీ తొడుగుని పట్టిలాగే కొక్కెం ఉంటుంది, దాని కింది సందులో మైనం రాయిలా ఉంది. గుండుసూదితో తీశాం. తరవాత ఛాంబర్. ఇది అందరూ మరిచిపోయే చోటు. లాంగ్ రైఫిల్ ఛాంబర్‌లో షార్ట్ తూటాలు ఎక్కువ కాలిస్తే, పొట్టి తొడుగు ముందున్న ఖాళీలో మసి, సీసం కలిసి కంకణంలా పేరుకుంటాయి. తరవాత లాంగ్ రైఫిల్ పెడితే దూరదు, దూరినా ఊడిరాదు. మూడు రకాలూ తినగలదన్న గొప్పకి కట్టే పన్ను ఇది. ఇత్తడి బ్రష్‌ని ఛాంబర్‌లో మెల్లగా తిప్పితే వదులుతుంది.

బ్యారెల్ శుభ్రం చేయడం మీద రిమ్‌ఫైర్ మనుషుల్లో రెండు మతాలున్నాయి. ప్రతిసారీ చేయాలనేవాళ్లు, గురి చెడితే తప్ప ముట్టుకోకూడదనేవాళ్లు. నేను రెండోవైపు. సీసం మెత్తన, బ్యారెల్‌ని అరగదీయదు. ఎక్కువ బ్యారెళ్లు పాడయ్యేది మూతి వైపునుంచి ఇనప కడ్డీ తోసి రుద్దినప్పుడే. కడ్డీ మూతి అంచుకి ఒరుసుకుంటే, గుండు చివరిగా వదిలే చోట గాడులు సమం తప్పుతాయి, గురి పోతుంది. చాలా లీవర్ రైఫిళ్లలో వెనకనుంచి కడ్డీ పెట్టే దారి ఉండదు కాబట్టి ఈ తప్పు తప్పదు. 1897 నాటి రెండు ముక్కల ఏర్పాటు ఇక్కడ అక్కరకొస్తుంది, బ్యారెల్ వెనక వైపు బాహాటంగా తెరుచుకుంటుంది. లోపలి ఎడమ గోడ మీద ఖాళీ తొడుగుని తన్నే చిన్న ఎజెక్టర్ కడ్డీకి అడ్డొస్తుంది. దాన్ని కిందికి నొక్కి, పక్కనున్న బుల్లి స్క్రూని తిప్పితే అణిగి ఉంటుంది. శుభ్రం చేశాక మళ్లీ తిప్పి వదలాలి, మరిచిపోతే మొదటి తూటాకే ఖాళీ తొడుగు లోపలే ఉండిపోతుంది. బావ మరిచిపోయాడు. ఆ ఆదివారం రేంజ్‌లో పది నిమిషాలు తల గోక్కున్నాం.

కడ్డీ కన్నా సులువు మన ఎన్‌సీసీ పద్ధతే. పుల్ త్రూ తాడు బరువు కొనని వెనకనుంచి జారవిడిచి, చింది గుడ్డముక్కని మూతి వైపుకి ఒక్క లాగు లాగడం. క్యాంపులో హవల్దారు తిట్టి నేర్పించింది ఓహియోలో పనికొచ్చింది.

పాత తుపాకుల్లో బ్యారెల్ లోపల మశూచి మచ్చల్లా గుంటలు కనిపిస్తే అది వాడినవాడి నేరం కాదు. 1920ల చివరిదాకా తూటా మసాలాలో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే మిగిలేది ఒక రకం ఉప్పు. ఉప్పు గాలిలో తేమని పీల్చుకుంటుంది, రాత్రికి రాత్రే తుప్పు. అప్పట్లో కాల్చిన రోజే వేడినీళ్లతో కడగాలనేవారు, ఆ అలవాటే ప్రతిసారీ శుభ్రం చేయాలన్న మతంగా మిగిలిందని నా అనుమానం. ఆ ఉప్పు లేని తూటాలొచ్చి దాదాపు నూరేళ్లయింది.

అదే రోజుల్లో ఎక్కువ వేగం తూటాలు కూడా వచ్చాయి. వాటి ఒత్తిడికి మొదటి మోడల్ 39ల బోల్టులు కొన్ని పగిలాయి. కంపెనీ బోల్ట్‌ని గట్టిపరిచి, సీరియల్ నంబరు ముందు హెచ్‌ఎస్ (హై స్పీడ్) అని కొట్టడం మొదలుపెట్టింది. ఆ అక్షరాలు లేని పాత మోడల్ 39 చేతికొస్తే మామూలు వేగం తూటాలే పెట్టాలి. 39ఎకి ఈ భయం లేదు.

ఖాళీ తుపాకి ట్రిగ్గర్ నొక్కి టక్ టక్ అనిపించే సరదా మాత్రం మానుకోవాలి. సెంటర్‌ఫైర్‌లో పిన్ను గాలిని కొడుతుంది. రిమ్‌ఫైర్‌లో అంచు ఉండాల్సిన చోట ఏమీ లేకపోతే పిన్ను నేరుగా ఛాంబర్ మూతిని కొట్టొచ్చు. కొన్నాళ్లకి అక్కడ ఇనుము లోపలికి పొంగి తూటా దూరనివ్వదు, పిన్ను కొనా మొద్దుబారుతుంది. ఆ పొంగుని వెనక్కి నొక్కే పనిముట్టుంది కానీ అది చేయి తిరిగిన వాళ్లు చేయాల్సిన పని.

మ్యాగజీన్ గొట్టంలో నూనె పోయకూడదు, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. సన్నగా పాకే నూనెలు తూటాలోకి ఇంకి మసాలాని చంపేస్తాయి. ఆ గొట్టం రేకు పలచన, ఒక్క సొట్ట పడినా స్ప్రింగ్ అక్కడే ఆగిపోతుంది. పైన నల్లటి నునుపు ఇనుముకి చెమట చేతులే శత్రువు. కాల్చాక నూనె తడి ఉన్న గుడ్డతో ఒకసారి తుడవాలి. తోలు సంచిలో, బొంత సంచిలో పెట్టి దాచేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో రిమ్‌ఫైర్ ఉన్న షూటర్లకి ఇది చెప్పక్కర్లేదు. వాల్‌నట్ చెక్కకి ఏడాదికోసారి రెండు చుక్కల అవిసె నూనె, అరచేత్తో వేడెక్కేదాకా రుద్దడం. మడమ కింది అంచులో నలుపు తెలుపు చుక్క ఒకటి పొదిగి ఉంటుంది, మార్లిన్ గుర్తు. చెక్కని సాండ్‌పేపర్ పెట్టి గీకితే ముందు పోయేది అదే, పాత సామాను కొనేవాళ్లు ముందు చూసేదీ అదే.

తూటా పేలకపోతే వెంటనే లీవర్ లాగకూడదు. గురి వైపే పట్టుకుని ముప్పై సెకన్లు లెక్కపెట్టాలి, ఆలస్యంగా పేలేవి ఉంటాయి. అంతా అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మసితోపాటు సీసం కూడా అంటుకుని ఉంటుంది. బావ వంటగది బల్ల మీద ఈ పని చేయడం మా అక్కకి నచ్చకపోవడంలో న్యాయముంది. తరవాత గ్యారేజీకి మారాడు.

ఇక్కడివాళ్లకి ఒక మాట. మన దేశంలో .22 అయినా సరే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల హద్దు రెండుకి తగ్గింది. లీవర్ .22లు ఇక్కడ అరుదు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .22 కూడా బోల్ట్ లాగేదే. కానీ తూటా అదే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో వాడేదీ .22 లాంగ్ రైఫిలే. ఛాంబర్, మైనం, ట్రిగ్గర్ నొక్కే సరదా గురించి పైన చెప్పినవి ఎక్కువగా దానికీ వర్తిస్తాయి.

బావ తుపాకి ఇప్పుడు పదికి పది పేలుస్తోంది. స్ప్రింగులు పాతవే. రెండు సగాలూ కలిపి స్క్రూ బిగించాక లీవర్‌ని ఒక్క వేలితో ఆడించి చూపించాడు. కాల్చేకొద్దీ ఆ స్క్రూ వదులవుతుంటుంది, సగాలు కొద్దిగా కదిలినా గురి చెడుతుంది. అందుకని క్వార్టర్ బిళ్ళని తూటాల డబ్బాలోనే పడేసి ఉంచుతాడు. ఆ ఆదివారం రేంజ్‌లో ఒక ఖాళీ తొడుగు ఏరి జేబులో వేసుకున్నాను. అంచు మీద అదే నొక్కు. ఈసారి ఎవరూ లెక్క అడగలేదు.